వెర్లిన్ గొంతు

"అమ్మా, ఆ తువ్వాలు మాడిపోతుంది. ఇస్త్రీపెట్టె ఎత్తు," అన్నాను.

అమ్మ ఎత్తింది కానీ పక్కన పెట్టలేదు. తువ్వాలు తిరగేసి, చేసిన చోటే మళ్ళీ చేయడం మొదలుపెట్టింది.

ఆదివారం మా చర్చిలో పాదాలు కడిగే ఆరాధన. ఏడాదికొక్కసారి వస్తుంది. నడుముకి కట్టుకునే పొడుగాటి తెల్ల తువ్వాళ్ళు ప్రతి ఏడూ అమ్మ రెండు ఉతికి గంజి పెడుతుంది. ఒకటి తనకి, ఇంకొకటి ఆర్మింటా అత్తకి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వాళ్ళిద్దరూ ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతున్నారు. ఈసారి ఆర్మింటా అత్త మా గడప తొక్కడమే మానేసింది. అయినా బల్ల మీద తువ్వాళ్ళు రెండున్నాయి. రెండోది ఎవరికని అడిగేంత ధైర్యం నాకు లేదు.

బల్లకి అటు చివర మా అన్నయ్య కూర్చున్నాడు. దేశానికంతటికీ రేడియో పాటల క్లే హాల్కమ్, మాకు మాత్రం క్లేబ్. పొద్దున్నే అంత పొడుగు తెల్లకారు మా వాగు దాటించుకుని వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ముందున్న చిక్కుడు గింజల పులుసు చెంచాతో కలుపుతూనే ఉన్నాడు, ఒక్క చెంచా నోట్లో పెట్టలేదు.

"తినరా," అంది అమ్మ.

"ఆకలి లేదమ్మా."

"హాలీవుడ్‌లో గాలి భోంచేస్తారేమో," అన్నాను నేను, పిండి పిసుకుతూనే.

"ఓమా, వాణ్ణి వదిలెయ్. బిడ్డ అసలే కుంగిపోయి ఉన్నాడు."

బిడ్డకి నలభై దాటాయి. కుంగిపోయి ఉన్న మాట మాత్రం నిజం.

జరిగింది మళ్ళీ తలుచుకోవడం నాకు ఇష్టం లేదు. తలుచుకోకుండా ఉండడమూ చేత కావడం లేదు. ముందటేడాది వేసవిలో అన్నయ్య టేపు రికార్డరు పట్టుకొచ్చాడు, చర్చిలో పాటలు పట్టుకుంటానని. మా చర్చిలోకి గిటారునే రానివ్వరు. మిషను పేరెత్తగానే పెద్దలందరూ మొహాలు ముడుచుకున్నారు. అప్పుడు మా అమ్మ లేచి నిలబడింది. "బ్రదర్ వెర్లిన్‌కి ఊపిరి తగ్గిపోతోంది. ఆయన తరవాత అలా ఒక్కొక్క వరుస ఎత్తి అందరికీ అందించేవాళ్ళు మనకి లేరు. ఆ గొంతు మా వాణ్ణి దాచనివ్వండి. అది మా ఇల్లు దాటి పోదు. పూచీ నాది," అంది. అమ్మ మాట మీద ఒప్పుకున్నారు.

వెర్లిన్ అంటే ఆర్మింటా అత్త పెనిమిటి. గనిలో పనిచేసి పనిచేసి ఊపిరితిత్తుల నిండా బొగ్గే. ఆ రోజు ఒక్కొక్క చరణం మధ్యలో ఆగిపోయేవాడు. ఆయన ఊపిరి అందుకునేదాకా చర్చి అంతా ఆగేది. మళ్ళీ ఎత్తేవాడు. ఆ చలికాలంలోనే పోయాడు.

ఈ వసంతంలో అన్నయ్య కొత్త సినిమా టౌనుకి వచ్చింది. అందులో అన్నయ్య దొంగ పాస్టరు. బాప్తిస్మం ఇచ్చే నదిలో సారా పీపాలు దాచిపెడతాడు. సరిగ్గా బాప్తిస్మం వేళకి పందులు తెంచుకుని వచ్చి జనం మీద పడతాయి. వెనకాల వినిపించే పాట వెర్లిన్‌ది. ఆయన ఊపిరి ఆగిన చోటల్లా ఒక పంది ఎవరినో నీళ్ళలో పడేస్తుంది. హాలు హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. చూసి వచ్చిన వాళ్ళ మనవరాలు మొహం పాలిపోయి "అమ్మమ్మా, తాతయ్య గొంతు," అందట. పుట్టి బుద్ధెరిగి సినిమా గుమ్మం ఎక్కని ఆర్మింటా అత్త మర్నాడు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళింది. ఆ నవ్వు మొత్తం కూర్చుని విని వచ్చింది.

"రేపు శనివారం కూటంలో లేచి చెప్పేస్తాను," అంది అమ్మ తువ్వాలు మడత పెడుతూ. "సినిమావాళ్ళు మా వాడికి తెలియకుండా చేశారని చెబితే ఆర్మింటాకి అర్థమవుతుంది. వాళ్ళకి దేవుడా దెయ్యమా! నీకు తెలిస్తే ఒప్పుకునేవాడివా ఏమిటి?"

అన్నయ్య పులుసు కలపడం ఆపాడు.

అప్పుడే వాకిట్లో అడుగుల చప్పుడైంది. కుక్క మొరగలేదు, ఎరిగిన మనిషే. తెర తలుపులోంచి చూస్తే ఆర్మింటా అత్త. అరుగు కిందే ఆగిపోయింది.

"ఆర్మింటా! వచ్చావా? లోపలికి రా, కాఫీ ఉంది," అంటూ అమ్మ ఒక్క అంగలో తలుపు దగ్గరికి వెళ్ళింది.

"లోపలికి రాను డెల్ఫీ. క్లేబ్ వచ్చాడని విన్నాను. వాణ్ణి ఒక మాట అడిగి పోతాను."

అన్నయ్య టోపీ తీసి చేత్తో పట్టుకుని అరుగు మీదికి వెళ్ళాడు. వేలమంది ముందు బెరుకు లేకుండా నిలబడే మనిషికి ఆవిడ కళ్ళలోకి చూడడం చేత కావడం లేదు.

"బాగున్నావా అత్తా?"

"బాగోగులకేం గానీ, ఆయన పాట ఆ పందుల మీద పెడుతున్నారని నీకు ముందే తెలుసా?"

"అత్తా, నేను..."

"వాడికేం తెలుసు ఆర్మింటా!" అంది అమ్మ వెనకనుంచి. "వాళ్ళే ఆ టేపు తీసేసుకుని..."

"నేను నిన్నడగలేదు డెల్ఫీ."

అన్నయ్య టోపీ అంచు వేళ్ళతో తిప్పుతున్నాడు. చెప్పరా, ఇప్పుడైనా ఏదో ఒకటి చెప్పరా అని నా లోపల నేను అరుస్తున్నాను. ఎందుకంటే వాడి మెడ నాకు తెలుసు. చిన్నప్పుడు తప్పు చేసినప్పుడల్లా ఆ మెడ అలాగే ఎర్రబడేది.

"తెలియకపోతే నాకేం లేదు," అంది ఆర్మింటా అత్త మెల్లగా. "పరాయివాళ్ళు నవ్వుతారు. ఆ ఊపిరి కోసం ఆయన ఎంత తన్నుకులాడాడో వాళ్ళకేం తెలుస్తుంది? మంచం మీద కూర్చోబెట్టి వీపు రాసింది నేను కదా. పరాయివాళ్ళని తిట్టుకుని ఊరుకుంటాను. నీకు తెలిస్తే మాత్రం..." అరుగు అంచు పట్టుకుంది. "తెలిస్తే మాత్రం ఈ ఇంటి వైపు చూడను క్లేబ్. డెల్ఫీ పోయినా చూడను, నేను పోయినా మీరు రావద్దు."

"అంతంత మాటలెందుకే!" అంది అమ్మ. "రేపు చర్చిలో అందరి ముందూ చెబుతాను. నా నోటి మాట చాలదా నీకు?"

ఆర్మింటా అత్త అమ్మ వైపు చూసింది. "నీ నోటి మాట చాలకపోతే ఇంకెవరిది చాలుతుంది డెల్ఫీ?" అని వెనక్కి తిరిగింది.

ఆవిడ వాగు దాటేదాకా అన్నయ్య అరుగు మీదే నిలబడ్డాడు. తరవాత కట్టెల కుప్ప వైపు నడిచాడు. నేను చేతుల పిండి కడుక్కోకుండానే వెనకాల వెళ్ళాను.

"నీకు తెలుసు," అన్నాను.

"ఓమా, గట్టిగా మాట్లాడకు."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నిలబడ్డావు అక్కడ. అమ్మ చూడలేదు కాబట్టి సరిపోయింది. నీకు తెలుసా తెలియదా?"

కట్టెల మీద కూలబడ్డాడు.

"నా పాట రేడియోలో మోగడం మానేసి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా? జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళొచ్చారు. నాష్‌విల్‌లో రికార్డులు వేసేవాళ్ళే నన్ను చూసి పక్క వీధిలోకి తప్పుకుంటున్నారు. ఈ సినిమా ఒక్కటే మిగిలింది నాకు. అందులో నాకున్న గట్టి సీను అదొక్కటే. అది ఎవరికీ నవ్వు రావడం లేదు, తీసేస్తామన్నారు. అది తీసేస్తే నేను సినిమాలో ఉన్నా లేనట్టే. సంచీలో టేపు ఉంది."

"ఎందుకుంది? ఇల్లు దాటదని కదా అమ్మ పూచీ పడింది!"

"వెర్లిన్ పోయాక ఎక్కడికెళ్ళినా పట్టుకెళ్ళేవాణ్ణి. హోటలు గదిలో పడుకునేముందు వినేవాణ్ణి. నాన్న మీద గని కూలినప్పుడు నాకెన్నేళ్ళు? ఆ ఏడాదంతా నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని గొంతు ఎక్కడ విరవాలో, ఎక్కడ దింపాలో నేర్పింది ఆయన. నా రికార్డులు అమ్ముడుపోయింది ఆ విరుపుకే ఓమా. నాకంటూ ఉన్నది ఏదీ లేదు."

"అంత ప్రేమ ఉన్నవాడివి ఆయన్ని పందులకి వేశావా?"

"ఊరికే వెనకాల పెట్టి చూడమన్నాను. ముందు అంతే."

నాకు అప్పుడు ఇంకో అనుమానం వచ్చింది. అడగకపోయినా బాగుండేది.

"ఊపిరి ఆగిన చోట పంది పడాలన్నది ఎవరు క్లేబ్? అది వాళ్ళకెలా తట్టింది? అక్కడ ఊపిరి ఆగుతుందని వాళ్ళకేం తెలుసు?"

దూరంగా అమ్మ వంటింటి కిటికీ మూసిన చప్పుడైంది.

"నేనే," అన్నాడు. "ఇక్కడ ఆగుతాడు, ఇక్కడ పడెయ్యండని నేనే చెప్పాను. గదిలో అందరూ విరగబడి నవ్వారు. సీను నిలబడిపోయింది. నేనూ నవ్వాను ఓమా."

కొట్టాలనిపించింది. వాడి భుజం మీద చెయ్యి వేయాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల!" అన్నాను. "లోపలికి పోయి అమ్మకి చెప్పు. రేపు ఆవిడ లేచి నిలబడి దేవుడి ముందు అబద్ధం ఆడబోతోంది నీ కోసం."

"నువ్వు చెప్పకూడదూ?"

"నేనా? నీ పాపం మోయడానికి నేనేమన్నా నీ కూలిదాన్నా?"

"సరే. రేపు పొద్దున చెబుతాను. దారిలో చెబుతాను."

ఆ క్షణాన నేను తిన్నగా ఇంట్లోకి వెళ్ళి అమ్మకి చెప్పేసి ఉండచ్చు. వెళ్ళాను కూడా. అమ్మ రెండో తువ్వాలు మడిచి దాని మీద చేత్తో నిమురుతోంది. "ఆర్మింటా గుమ్మం దాకా వచ్చింది చూశావా! రేపటితో ఈ పీడ విరగడైపోతుంది," అంది. ఆ మొహం చూశాక నాకు నోరు రాలేదు. కుండ పొయ్యి మీద పెట్టి పిండి ఉండలు వేశాను.

శనివారం పొద్దున ముగ్గురం అన్నయ్య కారులో బయల్దేరాం. అమ్మ ముందు సీట్లో నల్లసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనక నేనూ, చర్చిలో భోజనాలకి చేసిన ఎండు ఆపిల్ కేకూ. వాగు మలుపులో అన్నయ్య కారు పక్కకి తీసి ఆపేశాడు.

"ఆపావేం? ఆలస్యమవుతుంది," అంది అమ్మ.

"అమ్మా, నీకొక సంగతి చెప్పాలి."

"చర్చయ్యాక చెబుదువుగాని. పోనీ బండి."

"చర్చికి ముందే చెప్పాలమ్మా. ఆ టేపు..."

"క్లేబ్!"

అంత గట్టిగా అమ్మ అరవడం నాన్నని గనిలోంచి తెచ్చిన రోజు తరవాత ఇదే వినడం. వెనక సీట్లో నేను ఉలిక్కిపడ్డాను.

అమ్మ ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ మాట్లాడింది. "నువ్విప్పుడు నోరు తెరిస్తే అక్కడ నేను నోరు తెరవలేను. అర్థమైందా? ఆర్మింటా లేకుండా నేను బతకలేనురా. ఆవిడ నిన్ను కన్నకొడుకులా చూసింది, ఆ చూపు పోతే నువ్వూ బతకలేవు. నాకు ఏమీ చెప్పకు."

"చెప్పకపోయినా నీకు..."

"నాకేం తెలియదు. నువ్వేం చెప్పలేదు. ఓమా, విన్నావుగా. వీడు నాకేం చెప్పలేదు."

"విన్నానమ్మా," అన్నాను. అంతకన్నా సిగ్గుమాలిన మాట నా జన్మలో అనలేదు.

అన్నయ్య కారు కదిపాడు. వాడి మొహంలో భారం దిగిన గుర్తు కనిపించింది. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

చర్చి నిండుగా ఉంది. సభ్యులు ముందు, మగవాళ్ళొకవైపు, ఆడవాళ్ళొకవైపు. బాప్తిస్మం తీసుకోనివాడు కాబట్టి అన్నయ్య చివరి బెంచీలో. పాటలయ్యాక చర్చి పెద్ద బ్రదర్ కెర్మిట్ లేచి, ఏటా అడిగే మాటే అడిగాడు.

"రేపు ప్రభువు బల్ల దగ్గరికి వస్తున్నాం. మనం ఒకరితో ఒకరం సమాధానంగా ఉన్నామా? ఎవరి మనసులోనైనా ఎవరి మీదైనా ముల్లుంటే ఇప్పుడే తీసెయ్యండి. ముల్లు దాచుకుని కాళ్ళు కడగడానికి మాత్రం రావద్దు."

అమ్మ లేచింది. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను.

"బ్రదర్స్, సిస్టర్స్, ఆ మిషను ఇక్కడికి రానిచ్చింది నా మాట మీద. మాట నిలబడలేదు. నన్ను క్షమించండి." అక్కడిదాకా గొంతు బాగానే ఉంది. "మా క్లేబుకి తెలియదు. వాడికి చెప్పకుండా చేశారు వాళ్ళు. తెలిస్తే వాడు చేయనిచ్చేవాడు కాదు. వెర్లిన్ వాడికి తండ్రి."

"సిస్టర్ డెల్ఫీ మాట నాకు చాలు," అన్నాడు ముందు వరసలో ఒక ముసలాయన.

"నాకూ చాలు," అన్నారు ఇంకెవరో. అందరూ లేచి చేతులు కలిపారు. ఆర్మింటా అత్త అమ్మ మెడ పట్టుకుని బావురుమంది. అమ్మా ఏడ్చింది. చూసేవాళ్ళందరూ సంతోషానికి ఏడుస్తోందనుకున్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆర్మింటా అత్త కళ్ళు తుడుచుకుంటూ నడవ పొడుగునా వెనక్కి నడిచింది. చివరి బెంచీ దగ్గర ఆగి అన్నయ్య రెండు చేతులూ పట్టుకుంది.

"నా తండ్రీ, నిన్ను అనుమానించాను. ఏ మనసుతో అనుమానించానో నాకే తెలియదు. ఈ ముసలిదాన్ని క్షమించరా."

అన్నయ్య పెదవులు కదిలాయి. అరే, ఇప్పుడు చెప్పేస్తాడు అనుకున్నాను.

"ఫరవాలేదత్తా," అన్నాడు.

క్షమించేశాడు! ఎవరు ఎవర్నో చూడండి.

ఆ మధ్యాహ్నం చర్చి భోజనాల్లో ఆర్మింటా అత్త మా బల్ల దగ్గరే తింది. మొక్కజొన్న రొట్టె అన్నయ్య కంచంలో తనే వేసింది. వెర్లిన్ కబుర్లు చెప్పి తనే నవ్వింది. "వీడికి ఏడేళ్ళప్పుడు మా కోళ్ళ దొడ్డిలో కోళ్ళకి పాట అందించేవాడు డెల్ఫీ, గుర్తుందా? కోళ్ళన్నీ కూర్చుని వినేవి," అంది. అమ్మ తల ఊపింది. అన్నయ్య రొట్టె విరిచి పులుసులో వేసి, వేసింది వేసినట్టే వదిలేసి, సిగరెట్టు కాల్చుకుంటానని బయటికి పోయాడు.

"పాపం, బిడ్డ ఇంకా బాధపడుతున్నాడు," అంది ఆర్మింటా అత్త.

అమ్మ కంచాలు తీయడానికి లేచింది. బల్ల దగ్గర సగం మంది ఇంకా తింటూనే ఉన్నారు.

ఆదివారం రొట్టె, ద్రాక్షరసం అయ్యాక పళ్ళేలు తెచ్చారు. బిందెలతో నీళ్ళు పోశారు. బ్రదర్ కెర్మిట్ పాట ఎత్తాడు. ఆయన ఒక్కొక్క వరుస అందిస్తుంటే మిగతా అందరం దాన్ని సాగదీసి అందుకుంటున్నాం. అటుపక్క మగవాళ్ళు ఒకరి ముందొకరు మోకాళ్ళు వంచుతున్నారు. ఇటుపక్క మేము.

ఆర్మింటా అత్త అమ్మ ఇస్త్రీ చేసిన తువ్వాలు నడుముకి కట్టుకుంది. మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూ, నా భుజం పట్టుకుని అమ్మ ముందు కిందికి దిగింది. అమ్మ మేజోళ్ళు తీసి కూర్చుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. రాత్రి నిద్రపోలేదని నాకు తెలుసు, నేనూ పోలేదు.

అత్త కుడిపాదం ఎత్తి నీళ్ళలో పెట్టింది. దోసిలితో నీళ్ళు తీసి మడమ మీద పోసింది.

"ఈ ఏడాది ఈ కాళ్ళు నా చేతికి రావేమో అనుకున్నాను డెల్ఫీ," అంది. కన్నీళ్ళు టపటపా పళ్ళెంలోనే పడుతున్నాయి. "ఆయన లేడు, నువ్వూ పోతే నాకెవరున్నారు చెప్పు?"

అమ్మ పాదం వెనక్కి తీసుకుంది.

"నీళ్ళు చల్లగా ఉన్నాయా?"

"వద్దు ఆర్మింటా. వదిలెయ్."

"ఏమైంది? నొప్పి పెట్టానా?" అని అత్త రెండు చేతులతో మళ్ళీ పట్టుకుంది.

అప్పుడు వెనక అలికిడి విని తిరిగి చూశాను. అన్నయ్య చివరి బెంచీలోంచి లేచి నడవలో వస్తున్నాడు. సభ్యులు కానివాళ్ళు ఈ వేళప్పుడు ఇక్కడికి రాకూడదు. బ్రదర్ కెర్మిట్ కళ్ళెర్రజేశాడు గానీ పాట ఆపలేదు. అన్నయ్య ఆగలేదు. మొహం అంతా తడి. పళ్ళెం దగ్గరికొచ్చి నిలబడి, "అత్తా," అన్నాడు.

"నువ్వు నోరు ముయ్యి," అంది అమ్మ. "నిన్ను కార్లో చెప్పనిచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఇది ఇక్కడ నిలబడి నేనన్న మాట. నేనే వెనక్కి తీసుకోవాలి."

దగ్గరున్న ఆడవాళ్ళు పాట ఆపేశారు.

"వాడికి తెలుసు ఆర్మింటా. నిన్న నేను ఇక్కడ లేచి నిలబడేసరికి నాకూ తెలుసు. వాడి చేత చెప్పించుకోలేదు, అంతే. నా కడుపుతీపి కోసం నీ చేత వాణ్ణి క్షమాపణ అడిగించాను. నా కాళ్ళు నువ్వు ముట్టుకోవద్దు."

ఆ మాటలు ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి పాకడం నాకు వినిపించింది. పాట ముక్కలైపోయి ఆగింది. చివరికి బ్రదర్ కెర్మిట్ ఒక్కడి గొంతే మిగిలి, అదీ ఆగింది.

ఆర్మింటా అత్త తల ఎత్తలేదు. అమ్మ పాదాన్నే చూస్తోంది.

"తెలుసునంటే ఏం తెలుసు?" అంది. "పాట పెడుతున్నారని తెలుసా? ఆయన ఊపిరి ఆగిన చోట ఆ నవ్వు పెట్టింది ఎవరు?"

ఆ సంగతి అమ్మకి నిజంగానే తెలియదు. అర్థం కాక కొడుకు వైపు చూసింది. చూస్తూ చూస్తూనే అర్థం చేసుకుంది. మా అమ్మ మొహం అలా కూలిపోవడం చూడాల్సి వస్తుందని తెలిస్తే నేను ఆ మాట శుక్రవారమే చెప్పేసి ఉందును.

అన్నయ్య అక్కడే నేల మీద మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నేనే అత్తా," అన్నాడు. "ఎక్కడ ఆగుతాడో నాకే కదా తెలుసు."

మగవాళ్ళ వైపు ఒకాయన ఒక కాలికి బూటు, ఒక కాలు తడితో అలాగే నిలబడిపోయాడు. అమ్మ పాదం లాక్కోబోయింది, రాలేదు. ఆర్మింటా అత్త రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. కడగడం లేదు, వదలడం లేదు.